కేరాఫ్ పొరుగిల్లు

నాకు పద్దెనిమిదేళ్ల వయసులోనే నేను ప్రాక్సీ సర్వరు ఉద్యోగం వెలగబెట్టానన్న సంగతి ఈమధ్య దాకా నాకే తెలియదు.

1968 నాటి మాట. అప్పుడు మేము ఏలూరులో ఉండేవాళ్లం. మా పక్కింట్లో ఒక హెడ్మాస్టరుగారుండేవారు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడగానే ఆయన పేపరు మడిచి వాకిట్లోకి వచ్చేసేవారు. ఆ ఇంటికి వచ్చిన ఏ ఉత్తరమైనా ముందు ఆయన చదవాల్సిందే. భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన కార్డు ముక్క అయినా సరే! ఆయన కూతురు, నేను ఒకే క్లాసు. పేరెందుకు లెండి, ఇప్పుడావిడ నలుగురు మనవలకు అమ్మమ్మ. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒకబ్బాయి ఆ పిల్లకు ఉత్తరాలు రాసేవాడు. అవి నా పేరు మీద మా ఇంటికి వచ్చేవి. మా నాన్నగారికి ఇలాంటివేవీ పట్టవు. "నీకేదో ఉత్తరం వచ్చిందే" అని బల్లమీద పడేసి స్నానానికి వెళ్లిపోయేవారు. నేను దాన్ని కెమిస్ట్రీ రికార్డు అట్టలో దోపి కాలేజీకి తీసుకువెళ్లి ఇచ్చేదాన్ని. ఆ పిల్ల రాసిన జవాబు మళ్లీ నేనే పోస్టు డబ్బాలో వేసేదాన్ని. హెడ్మాస్టరుగారి కాపలాకు ఏ లోటూ రాలేదు. అబ్బాయి ఉత్తరాలూ ఆగలేదు.

మా రోజుల్లో ప్రాక్సీ అంటే క్లాసుకు రాని స్నేహితురాలి బదులు గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనడమే. కంప్యూటరు వాళ్ల ప్రాక్సీ కూడా ఇంచుమించు అదేనట. మీరు చూడదలచుకున్న పేజీని మీ ఊళ్లో ఎవరో అడ్డుకున్నారనుకోండి. అడ్డంకి లేనిచోట ఉన్న ఇంకో కంప్యూటరుకు మీరు కబురు పెడతారు. అది మీ బదులు వెళ్లి, ఆ పేజీ తెచ్చి మీ చేతికిస్తుంది. కాపలావాడికి మీరు ఆ పొరుగింటితో మాట్లాడటమే కనిపిస్తుంది. పొరుగింటివాళ్లు ఎక్కడికి వెళ్లి వచ్చారో కనిపించదు.

ఈ మాట నా చెవిన మొదటిసారి పడింది 2006 జూలైలో. మా అమ్మాయి అప్పటికి రెండేళ్లుగా డల్లాస్‌లో ఉంటోంది. ఆ సంవత్సరమే దానికి కొడుకు పుట్టాడు. పిల్లవాడు బోర్లాపడ్డం, బోసినవ్వులు, ఉగ్గు పెడితే ఉమ్మేయడం, అన్నీ బ్లాగ్‌స్పాట్ అనేదాంట్లో తెలుగులోనే రాసి ఫొటోలు పెట్టేది. అప్పటికి మా ఇంట్లో కంప్యూటరు లేదు. వారానికి రెండుసార్లు వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్లి, గంటకు పదిహేను రూపాయలిచ్చి చదువుకుని వచ్చేదాన్ని. మొదట్లో తెలుగు అక్షరాలు గళ్లుగళ్లుగా కనిపించేవి. అక్కడి కుర్రాడు ఏవో మీటలు నొక్కి వాటిని సర్దాడు. మహానుభావుడు!

ఒకరోజు వెళితే పేజీ రాలేదు. మర్నాడూ రాలేదు. నాలాంటి తల్లులు ఇంకో ఇద్దరు కుర్చీల్లో కూర్చుని తెరకేసి దిగులుగా చూస్తున్నారు. కుర్రాడు నా పక్కకి వచ్చి, "ఇలా కొట్టండి ఆంటీ" అని వేరే అడ్రసు ఒకటి కొట్టి, దాని చివర మా అమ్మాయి బ్లాగు పేరు తగిలించాడు. మనవడి బోసినవ్వు తెరమీద ప్రత్యక్షమైంది.

"ఇదేమిటి బాబూ, పీకే బ్లాగ్స్ అని ఉంది?"

"పీకే అంటే పాకిస్తాన్ అండీ."

నా గుండె ఝల్లుమంది. జూలై 11న ముంబై లోకల్ రైళ్లలో వరసగా ఏడు బాంబులు పేలి రెండువందల మందికి పైగా పోయారు. పేపర్లనిండా ఆ వార్తలే. అటువంటి వారంలో నేను నా మనవణ్ణి పాకిస్తాన్ వాకిట్లోంచి చూస్తున్నాను! ఇంటికొచ్చి చెబితే మావారు, "బావుంది, రేపు సి.ఐ.డి. వాళ్లొస్తే కాఫీ నువ్వే పెట్టి ఇవ్వు" అన్నారు.

అసలు జరిగిందేమిటో తర్వాత మెల్లిగా తెలిసింది. పేలుళ్ల తర్వాత, జూలై 13న, ఢిల్లీలోని టెలికాం శాఖ ఇరవైకి లోపు పేజీల జాబితా ఒకటి ఇంటర్నెట్ కంపెనీలకు పంపి, వీటిని ఆపండి అంది. వాటిలో కొన్ని బ్లాగ్‌స్పాట్‌లో ఉన్నాయి. కంపెనీలవాళ్లకు ఒక్కొక్క పేజీనీ విడిగా ఆపడం చేతకాలేదో, ఓపిక లేకనో, బ్లాగ్‌స్పాట్ మొత్తానికే తలుపు వేసేశారు. ఒక వాటాలో దొంగ దూరాడని వీధిలో అన్ని ఇళ్లకూ తాళాలు వేసినట్లయింది. పేలుళ్లలో దెబ్బతిన్నవాళ్ల సమాచారం అందించడానికి ముంబైవాళ్లు నడుపుతున్న పేజీ కూడా ఆ తాళం వెనకే ఉండిపోయింది. నలుమూలల నుంచీ గోల లేచాక, ఆ కొన్ని తప్ప మిగతావి తెరవండని జూలై 20న ప్రభుత్వం మళ్లీ చెప్పవలసి వచ్చింది.

ఇది మనకు మొదటిసారేం కాదు. 2003 సెప్టెంబరులో మేఘాలయకు చెందిన ఒక చిన్న గుంపును ఆపమంటే, యాహూ గ్రూప్స్ అంతా మూతపడింది. అప్పుడు నాకు యాహూ అంటే ఏమిటో తెలియదు కనక బాధపడలేదు.

ఇక పాకిస్తాన్ సంగతి. అదే 2006లో, మనకంటే నాలుగు నెలల ముందు, వాళ్లకూ అచ్చం ఇదే జరిగింది. డెన్మార్క్ పత్రికలో వచ్చిన ప్రవక్త బొమ్మల గొడవలో అక్కడి అధికారులు ఓ డజను సైట్లను ఆపమన్నారు. వాటిలో ఒకటి బ్లాగ్‌స్పాట్‌లో ఉంది. అంతే, అక్కడా మొత్తం బ్లాగ్‌స్పాట్ బంద్! కరాచీలో పంటి డాక్టరు అవాబ్ అల్వీ, ఆయనతో ఒమర్ అల్వీ కలిసి ‘బ్లాగును ఆపకండి’ అని ఉద్యమం లేవదీశారు. (ఈ డాక్టరుగారి తండ్రి కూడా పంటి డాక్టరే. 2018లో ఆయన పాకిస్తాన్ అధ్యక్షుడయ్యాడు. అది వేరే కథ.) ఆ రోజుల్లోనే అక్కడి పాఠకుల కోసం ఈ పీకే బ్లాగ్స్ అనే దొడ్డిదారి పుట్టింది. జూలైలో మనవాళ్లు ఆ దారిలోనే బిలబిలా దూరారు. తమ దేశంలో మూసిన తలుపు కోసం పాకిస్తాన్ వాళ్లు చేసుకున్న నిచ్చెన, వాళ్ల శత్రువులని మనం చెప్పుకునే మనకు ఉచితంగా పనికొచ్చింది. ఎక్కవద్దని వాళ్లెవరూ అనలేదు. నా మనవడి నవ్వు ఆ నిచ్చెన మీదుగానే నాకు చేరింది.

ఈ నిచ్చెనల చరిత్ర వెతికితే చైనా దగ్గర ఆగక తప్పదు. 1987 సెప్టెంబరులో బీజింగు నుంచి జర్మనీలోని కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయానికి వెళ్లిన తొలి ఈమెయిల్‌లో, మహాకుడ్యం దాటి ప్రపంచంలో ఏ మూలకైనా చేరగలమన్న భావం రాశారట. తర్వాత అదే దేశం కంప్యూటర్లకు ఇంకో మహాకుడ్యం కట్టింది. ప్రాక్సీలతో దాన్ని దాటడాన్ని అక్కడివాళ్లు ‘గోడ దూకడం’ అంటారు. మన భాషలో గోడ దూకేవాళ్లు రెండు రకాలు. ఒకరు ఎన్నికల ముందు దూకుతారు, ఇంకొకరి గురించి మీకు తెలుసు. చైనాలో మాత్రం పరీక్షకు చదువుకునే పిల్లలూ, విదేశీ పత్రికలు కావలసిన ప్రొఫెసర్లూ దూకుతారు.

2001 ప్రాంతంలో సేఫ్‌వెబ్ అనే అమెరికన్ కంపెనీ ‘ట్రయాంగిల్ బాయ్’ అని ఒకటి తెచ్చింది. ఎవరైనా దాన్ని తమ ఇంటి కంప్యూటరులో ఉచితంగా పెట్టుకుంటే, గోడ అవతలివాళ్లకు ఆ ఇల్లు కేరాఫ్ అడ్రసు అవుతుంది. ఆలోచన బాగుంది. కాని ఆ కంపెనీలో సి.ఐ.ఏ. వాళ్ల పెట్టుబడి సంస్థ డబ్బు ఉందని తెలిసి జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ ఏడాది నవంబరుకల్లా ఉచిత సేవ ఆగిపోయింది.

ఉచితంగా అందరికీ ఇచ్చేదాంతో పెద్ద చిక్కు ఒకటుంది. అడ్రసు నలుగురికీ తెలిస్తేనే ఉపయోగం. నలుగురికీ తెలిస్తే కాపలావాడికీ తెలుస్తుంది! 2009 జూన్‌లో ఇరాన్ ఎన్నికల తర్వాత జనం వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం సైట్లు మూసింది. ఎక్కడెక్కడి కుర్రాళ్లో, ఇరాన్ ముఖం ఎన్నడూ చూడనివాళ్లు, తమ ఇళ్లలోని కంప్యూటర్లను ప్రాక్సీలుగా మార్చి ఆ అడ్రసులు ట్విట్టర్‌లో పెట్టేశారు. టెహ్రాన్‌లోని కాపలావాళ్లు కూడా ట్విట్టర్ చదువుతారు కదా! పొద్దున రాసిన అడ్రసు మధ్యాహ్నానికి మూసుకుపోయేది. చివరకు, బాబూ, ఇలా దండోరా వేయకండి, ఎవరికి కావాలో వాళ్ల చెవిలో చెప్పండి అని ఒకళ్లకొకళ్లు చెప్పుకోవలసి వచ్చింది.

దీనికి ఒక్కొక్కరు ఒక్కొక్క ఉపాయం పన్నారు. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ వాళ్లు 2006 డిసెంబరులో విడుదల చేసిన సైఫన్ మా ఏలూరు పద్ధతే. కెనడాలో ఉన్నావిడ తన కంప్యూటరులో దాన్ని పెట్టుకుని, తను ఎరిగున్న బంధువుకో స్నేహితురాలికో మాత్రమే అడ్రసు ఇస్తుంది. చుట్టరికం మీద నడిచే వ్యవహారం.

జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంవాళ్లది ఇంకో దారి. 2013 మార్చిలో వాళ్లు వీపీఎన్ గేట్ అని మొదలుపెట్టి, వాలంటీర్ల అడ్రసుల జాబితా బాహాటంగా ప్రకటించారు. చైనావాళ్లు రోజుల్లోనే ఆ జాబితా పట్టుకుని అన్నిటినీ మూసేశారు. అప్పుడు జపాన్‌వాళ్లు ఏం చేశారో తెలుసా? జాబితాలో అసలు సంబంధంలేని ముఖ్యమైన అడ్రసులు కొన్ని కలిపేశారు. చూడకుండా మూస్తే అక్కరకొచ్చేవి కూడా మూసుకుపోతాయి. కనక ప్రతి అడ్రసుకూ వెళ్లి తలుపు తట్టి చూడాల్సిందే. పప్పులో కావాలని రాళ్లు కలిపి, ఏరుకోండి అన్నట్లు. అలా తట్టడానికి వచ్చినవాణ్ణి చూసి వాలంటీర్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవాళ్లు: వీడు చదువరి కాదు, గూఢచారి, తలుపు తీయకండి! మా వీధిలో అప్పులవాడు వచ్చినప్పుడు జరిగే టెలిగ్రాఫు కూడా ఇంతే.

2014 మార్చిలో టర్కీలో ట్విట్టర్‌ని ఆపినప్పుడు ఇస్తాంబుల్ గోడలమీద ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది అని రంగుతో రాశారట. అది గూగుల్‌వాళ్ల పేర్ల చిట్టా నంబరు. సరిగ్గా ప్రాక్సీ కాదు, దాని దాయాది. ఇంటర్నెట్ రహస్యాన్ని సున్నపు గోడమీద రాసుకోవడం నాకు భలే నచ్చింది.

ఇంతవరకూ చదివి మీలో ఒకరు, "బావుందే, మనమూ ఒకటి పెట్టుకుందాం" అనుకుంటూ ఉంటారు. ఆగండి.

మా పక్కింటి పిల్ల కథ నేను పూర్తిగా చెప్పలేదు. 1969 మాఘమాసంలో ఒక కవరు వచ్చింది. ఎప్పటికన్నా పల్చగా ఉంది. ఎందుకో నా మనసు ఊరుకోలేదు. వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఎసరు కుండ ఆవిరి మీద పట్టి, అంటించిన చోటు ఊడదీసి చదివాను. ఇంట్లో సంబంధం ఖాయం చేశారనీ, తనను మరచిపొమ్మనీ రాశాడు. మెతుకు గుజ్జుతో మళ్లీ అంటించాను. ఇవ్వాలంటే చేతులు రాలేదు. "ఉత్తరం రాలేదా?" అని ఆ పిల్ల అడిగితే, రాలేదన్నాను. మర్నాడూ అలాగే అన్నాను. మూడోరోజు ఇచ్చాను. ఆ రెండు రోజులూ నవ్వుతూ తిరిగిన ఆ పిల్ల ముఖం ఇవాళ్టికీ నాకు కళ్లకు కడుతుంది. నేను చదివానని ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. ఈ పత్రిక తెప్పిస్తుందని విన్నాను. చదివితే తెలుస్తుంది.

పొరుగింటివాళ్లకు ఉత్తరం తెరిచే వీలుంటుంది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, నాలాగా. 2007లో స్వీడన్‌లో డాన్ ఎగర్‌స్టాడ్ అనే కంప్యూటరు నిపుణుడు, టోర్ అనే ఉచిత దొడ్డిదారిలో తన కంప్యూటర్లు ఐదింటిని చివరి గుమ్మాలుగా నిలబెట్టి, లోపలి నుంచి వచ్చేవాటిని చూస్తూ కూర్చున్నాడు. నూరు ఈమెయిల్ ఖాతాల పేర్లూ తాళపుమాటలూ బయటపెట్టాడు. దౌత్య కార్యాలయాలవే చాలా ఉన్నాయి. వాటిలో మన భారతీయ రాయబార కార్యాలయాలవీ, మన రక్షణ పరిశోధన సంస్థదీ కూడా ఉన్నాయి! వాడుతున్నది ఆ ఉద్యోగులేనా, ముందే తాళాలు కొట్టేసిన దొంగలా అన్నది వేరే ప్రశ్న. కవరులో పెట్టకుండా కార్డు ముక్కమీద రాస్తే మధ్యలో ఎవరైనా చదువుతారన్నది మాత్రం తేలిపోయింది. ఇప్పుడు చాలా సైట్లకు తాళం ఉంటుంది కనక లోపలి మాట కనిపించదు. ఎవరు ఎక్కడికి వెళ్లారన్నది మాత్రం పొరుగింటికి తెలుస్తుంది.

మంచి మనసు ఒక్కటే చాలదనడానికి హేస్టాక్ సాక్ష్యం. ఇరానీయుల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆస్టిన్ హీప్ అనే కుర్రాడు దాన్ని తయారు చేయిస్తుంటే పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి. 2010 సెప్టెంబరులో నిపుణులు పరీక్షించి, ఇది వాడేవాళ్లనే పట్టిస్తుందన్నారు. దాన్ని ఆపేశారు. టెహ్రాన్‌లో పట్టుబడితే పోయేది శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్ల ప్రాణం కాదు కదా! ఇక హోలా అని ఇంకొకటి ఉండేది. ఉచితం, ఉచితం అంటూ వాడేవాళ్ల కంప్యూటర్లనే ఇతరులకు దారిగా అద్దెకిస్తోందని 2015లో బయటపడింది. అత్తవారి సొమ్ము అల్లుడి దానం!

తీగే కోసేస్తే ఏ పొరుగిల్లూ పనిచెయ్యదు. కాశ్మీరులో 2019 ఆగస్టు నుంచి నెలల తరబడి అదే జరిగింది. 2020 జనవరిలో నత్తనడక ఇంటర్నెట్టు ఇచ్చి, చూడదగిన సైట్ల జాబితా ఒకటి చేతిలో పెట్టారు. తర్వాత అది 301కి చేరింది. జనం వీపీఎన్‌లు వాడారు. అవి వాడి సోషల్ మీడియాలో తప్పుడు రాతలు రాశారంటూ ఫిబ్రవరిలో పోలీసులు కేసు కూడా పెట్టారు. 2022లో మన ప్రభుత్వం వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల పేరూ అడ్రసూ ఐదేళ్లు దాచిపెట్టాలంది. కొన్ని కంపెనీలు తమ యంత్రాలను మన దేశం నుంచి ఎత్తేసుకుని పోయాయి. పిల్లలను పాడుచేసే చెత్తను ఆపవద్దని నేననను. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. కాని ఏమి ఆపారో, ఎందుకు ఆపారో చెప్పకపోవడమే నాకు నచ్చదు. ఏ హెడ్మాస్టరుగారూ తన జాబితా బయటపెట్టలేదు.

ఈ వేసవిలో మా మనవడు డల్లాస్ నుంచి వచ్చాడు. ఆ బోసినవ్వు వాడే. ఇప్పుడు గడ్డం పెంచాడు. నా లాప్‌టాప్‌లో ఏదో పెడుతున్నాడు.

"ఏమిట్రా అది?"

"స్నోఫ్లేక్, అమ్మమ్మా. నీ ఇల్లు ఎవరికో ప్రాక్సీ అవుతుంది."

2022 సెప్టెంబరులో ఇరాన్‌లో మహ్సా అమీనీ అనే ఇరవైరెండేళ్ల పిల్ల, తలమీద గుడ్డ సరిగ్గా లేదని పోలీసులు పట్టుకుపోయాక చనిపోయింది. ఆడపిల్లలు వీధుల్లోకి వచ్చారు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూసేశారు. మీ ఇళ్లలో మా కోసం ప్రాక్సీలు పెట్టండని సిగ్నల్ సంస్థవాళ్లు లోకాన్ని అడిగారు. ఈ స్నోఫ్లేకు వాడకం కూడా అప్పుడే ఎంతో పెరిగిందట. కాపలావాడికి ఎవరో వీడియోకాల్ మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందట. ఇళ్లు లెక్కకు మించి ఉంటాయి, నిమిషానికొకటి తెరుచుకుని ఇంకొకటి మూసుకుంటుంది. ఎన్నిటికని తాళాలు వేస్తారు?

మావారు కళ్లజోడు సవరించుకుని, "పోలీసులొస్తే?" అన్నారు. 2006 నుంచీ ఆయనకు అదే బెంగ.

"మన ఇంటి నుంచి ఆ సైటుకు వెళ్లదు తాతగారూ. మనం తర్వాతి గుమ్మం దాకా అందిస్తామంతే."

నేను అడగవలసింది అడిగాను. "ఒరే, వాళ్లు ఏం చూస్తున్నారో నాకు కనిపిస్తుందా?"

"కనిపించదు. తాళం వేసే పంపిస్తారు. ఎసరు ఆవిరి పట్టినా ఊడిరాదు" అన్నాడు. ఆ కథ వాడికెవరు చెప్పారో మరి!

"అయితే పెట్టు" అన్నాను.

తెర మూల చిన్న మంచుపువ్వు బొమ్మ ఒకటి ఉంది. దాన్ని నొక్కితే గడచిన ఇరవైనాలుగు గంటల్లో ఎంతమందికి దారి ఇచ్చామో అంకె ఒకటి కనిపిస్తుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాన్ని చూడటం అలవాటైంది. నిన్న ఐదు. ఇవాళ మూడు.